మేనత్త చెయ్యి ఎందుకు భారమైంది: ఆటిజంలో ఇంద్రియ భారం, హద్దుల సంగతి

నల్గొండ శివారులో ఒక ఫంక్షన్ హాలును ఊహించుకుందాం. ముహూర్తం పదకొండున్నరకు. ఆటిజం ఉన్న పదేళ్ల పిల్లవాడు తల్లి కొంగు పట్టుకొని కుర్చీల వరుసల మధ్య నిలబడి ఉన్నాడు. చాలా రోజులకు చూసిన మేనత్త మురిపెంగా దగ్గరికొచ్చి, రెండు బుగ్గలూ పట్టుకొని "ఎంత పెద్దగైనవ్ రా బిడ్డా" అంది. పిల్లవాడు ఒక్కసారిగా కేక పెట్టి, ఆమె చేతిని విదిలించి కొట్టి, కుర్చీల కిందికి దూరి చెవులు మూసుకున్నాడు. మేనత్త ముఖం చిన్నబోయింది. "గింత గారాబం జేస్తె ఇట్లనే అయితది" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. తల్లి ఎవరికి సమాధానం చెప్పాలో తెలియక పిల్లవాడి పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

ఇది కల్పించిన సన్నివేశమే. కానీ ఆటిజం ఉన్న పిల్లలున్న ఇళ్లలో దీనిని కొత్తగా వర్ణించి చెప్పవలసిన అవసరం ఉండదు. ఈ మధ్య ఏటా ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం వచ్చినప్పుడల్లా 'సెన్సరీ ఓవర్‌లోడ్' అనీ, 'బౌండరీస్' అనీ రెండు మాటలు తరచుగా వినబడుతున్నాయి. మొదటిదాన్ని వైద్యానికి సంబంధించిన విషయంగానూ, రెండోదాన్ని మర్యాదకో పెంపకానికో సంబంధించిన విషయంగానూ విడదీసి మాట్లాడటం వల్లనే గందరగోళం పుడుతోందని నాకు అనిపిస్తుంది. ఆ మేనత్త సంఘటనలో అవి రెండు వేర్వేరు సంగతులు కావు.

ముందుగా మాటల అర్థాలు

ఆటిజం అనేది మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే ఒక తేడా. సామాజిక సంభాషణలో ఇబ్బందులు, ఒకే రకమైన ఆసక్తులు లేదా పనులు మళ్లీ మళ్లీ కొనసాగడం దీని ప్రధాన లక్షణాలు. ఒకరికి మాటలే రాకపోవచ్చు. మరొకరు ఉద్యోగం చేస్తూ, తమకు ఆటిజం ఉందన్న సంగతి నలభై ఏళ్లకు గానీ తెలుసుకోకపోవచ్చు. అందుకే దీనిని స్పెక్ట్రమ్, అంటే రకరకాల స్థాయిల వరుస, అంటారు.

ఇంద్రియాలు ఐదని బడిలో చదువుకున్నాం. ఈ విషయానికి ఆ లెక్క చాలదు. లోపలి చెవి తెలిపే ఒంటి సమతూకం, కండరాలూ కీళ్లూ తెలిపే ఒంటి స్థితి, ఆకలి, దప్పిక, మూత్రం, గుండె దడ వంటి లోపలి సూచనలు అనే మూడింటిని కూడా కలుపుకోవాలి. ఆటిజం ఉన్నవారిలో వీటిలో ఏదైనా అతిగా స్పందించవచ్చు, మందకొడిగా స్పందించవచ్చు, లేదా ఆ అనుభూతినే పనిగట్టుకొని వెతుక్కునే స్వభావం ఉండవచ్చు. ఒకే మనిషిలో ఈ మూడూ ఉండటం సాధారణం: చప్పుడు భరించలేని పిల్లవాడే ఉయ్యాల ఎంతసేపు ఊగినా తనివి తీరక ఊగుతుంటాడు.

వచ్చే సమాచారం మెదడు సర్దుకోగలిగిన మేరను దాటిపోవడాన్ని ఇంద్రియ భారం లేదా సెన్సరీ ఓవర్‌లోడ్ అంటారు. అది బయటికి అరుపులుగా, ఏడుపుగా, కొట్టడంగా వస్తే మెల్ట్‌డౌన్; మాట ఆగిపోయి, కళ్లు వాల్చి, మనిషి బిగుసుకుపోతే షట్‌డౌన్. రెండోది ఎవరికీ ఇబ్బంది కలిగించదు కాబట్టి "ఎంత బుద్ధిగా కూర్చున్నడో" అనిపించుకుంటుంది. మారాం చేసే పిల్లవాడు అడిగింది చేతికి రాగానే ఊరుకుంటాడు, మధ్యమధ్యలో మనం చూస్తున్నామో లేదో కూడా చూస్తాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్న పిల్లవాడికి ఏమిచ్చినా ఆగదు, ఎవరు చూస్తున్నారన్న ధ్యాసా ఉండదు.

ఇక హద్దు అంటే, నా ఒంటి మీదికి, నా చుట్టూ ఉన్న చోటులోకి, నా సమయంలోకి ఎవరు, ఎప్పుడు, ఎంతవరకు రావచ్చో నేను గీసుకునే గీత.

ఆటోస్టార్టర్లన్నీ ఒకేసారి పడినట్టు

పాలమూరు రైతుకు ఓవర్‌లోడ్ అనే మాట కొత్తది కాదు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ బోరు మోటార్లు నాలుగో ఐదో సాఫీగా నడుస్తాయి. యాసంగిలో పది మోటార్లకూ ఆటోస్టార్టర్లు బిగించి ఉంటే, కరెంటు రాగానే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ఫ్యూజు కొట్టేస్తుంది. అప్పుడు చివరగా మోటారు దించిన రైతు మీదికి అందరూ లేస్తారు. నిజానికి ఆ మోటారు మిగతావాటికంటే పెద్దదేమీ కాదు. దాని కంటే ముందే ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోయి ఉంది.

ఇప్పుడు ఆ పిల్లవాడి ఉదయాన్ని వెనక్కి తిప్పి చూద్దాం. అయిదింటికే నిద్ర లేపారు. తలంటు పోశారు. అలవాటైన కాటన్ బనియన్ తీసేసి, మెడ దగ్గర జరీ అంచు గీసుకునే కొత్త చొక్కా తొడిగారు. కిక్కిరిసిన బస్సులో గంటంపావు ప్రయాణం, కిటికీ సీటు దొరకలేదు. హాలు గేటు దగ్గర జనరేటర్ మోత, డీజిల్ వాసన. లోపల మల్లెపూలు, సెంట్లు, బగారన్నం, మటన్ వాసనలు కలిసిపోయి ఉన్నాయి. ఒక ట్యూబ్‌లైటు ఆగి ఆగి వెలుగుతోంది. పంతులు మంత్రాలు ఒక మైకులో, వీడియో అతని కేకలు పక్కన, బయట బ్యాండు. మామూలు మనిషి మెదడు వీటిలో చాలా భాగాన్ని కాసేపట్లో పక్కకు నెట్టేస్తుంది. ఫ్యాను చప్పుడు అది ఆగిపోయినప్పుడే మనకు గుర్తుకొస్తుంది. ఇలా అలవాటు పడిపోయే గుణం అందరి మెదళ్లలో ఒకేలా ఉండదు. 2015లో అమెరికాలో ప్రచురితమైన ఒక మెదడు స్కానింగ్ అధ్యయనంలో పిల్లలకు చికాకు పెట్టే చప్పుడు వినిపిస్తూ, చేతి మీద మన గొంగడి లాంటి గరుకు ఉన్నిగుడ్డతో రుద్దారు. ఆటిజం ఉండి, ఇంద్రియ అతిస్పందన కూడా ఎక్కువగా ఉన్న పిల్లల్లో అదే మళ్లీ మళ్లీ చేసినా మెదడు స్పందన తగ్గలేదు. ఆటిజం లేని పిల్లల్లో తగ్గుతూ వచ్చింది. ఆటిజం ఉన్నా అతిస్పందన అంతగా లేని పిల్లల తీరు వేరుగా ఉందన్నది కూడా గమనించాలి. అందరికీ ఒకటే మాట వర్తించదు.

మేనత్త చెయ్యి ఆ వరుసలో చివరి మోటారు. అందరికీ ఆమే గుర్తుండిపోతుంది, ఆమెకూ తన చెయ్యే గుర్తుండిపోతుంది.

అయితే ఈ పోలిక ఒకచోట తప్పుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం దాని రేకు మీద రాసి ఉంటుంది, మారదు. మనిషి సామర్థ్యం నిద్రను బట్టి, జ్వరాన్ని బట్టి, ఆందోళనను బట్టి, ఏం జరగబోతోందో ముందే తెలిసి ఉండటాన్ని బట్టి పూటపూటకూ మారుతుంది. "నిన్న ఏమనలేదు కదా, ఇయ్యాల ఏమైంది?" అన్న ప్రశ్న ఈ తేడాను మరచిపోవడం వల్ల వచ్చేదే.

మిక్సీకి పారిపోయేవాడు డప్పు దగ్గర ఎందుకు నిలబడతాడు

తల్లిదండ్రులను ఎక్కువగా తికమకపెట్టేది ఈ వైరుధ్యమే. ఇంట్లో మిక్సీ వేస్తే వీధిలోకి పరుగెత్తే పిల్లవాడు పీర్ల పండుగకు డప్పుల పక్కన గంటసేపు నిలబడతాడు. చూసినవాళ్లు "వానికి చెవులు మంచిగనే ఉన్నయ్, అంతా నకరాలు" అనేస్తారు.

ఆటిజాన్ని వైద్య పత్రికలో వివరించిన తొలివారిలో ఒకరైన మనోవైద్యుడు లియో కానర్ 1943లోనే ఈ సంగతి గమనించాడు. తాను చూసిన పదకొండు మంది పిల్లల్లో లిఫ్టు, వాక్యూమ్ క్లీనర్, నీళ్ల ధార, చివరికి గాలి కూడా భయం పుట్టించగలదని రాశాడు. అయితే ఆ పిల్లలు తమంతట తాము అంతే పెద్ద చప్పుళ్లను సంతోషంగా చేస్తారనీ, వారు భయపడేది చప్పుడుకు కాదనీ, తమ ఏకాంతంలోకి అది చొరబడటానికనీ ఆయన అభిప్రాయపడ్డాడు. ఇంద్రియాల సంగతీ, హద్దుల సంగతీ ఆ తొలి వ్యాసంలోనే ఒకే పేరాలో ఉన్నాయి. ఆ తర్వాత చాలాకాలం నిర్ధారణ ప్రమాణాలు సంభాషణ లోపాలకే పెద్దపీట వేశాయి. అమెరికన్ మనోవైద్యుల సంఘం వెలువరించే మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్ ఐదో కూర్పులో, అంటే 2013లో గానీ ఇంద్రియ స్పందనల తేడా ఆటిజం నిర్ధారణ లక్షణాల్లో స్పష్టంగా చేరలేదు. డెబ్బై ఏళ్లు పట్టింది.

కానర్ చెప్పినదాంట్లో అంతా నిలబడదు. చప్పుడే నిజంగా నొప్పిగా తగిలే వారున్నారని ఆటిజం ఉన్న పెద్దలు తమ అనుభవాలు చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది. కానీ 'చొరబాటు' అన్న ఆ గమనింపు డప్పు చిక్కుముడిని కొంత విప్పుతుంది. డప్పుకు ఒక దరువుంది, తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలిసిపోతుంది. పిల్లవాడు తనంతట తాను అక్కడికి వెళ్లాడు, ఎంత దూరంలో నిలబడాలో తానే తేల్చుకున్నాడు. ఆ మందమైన మోత చెవికే కాక ఛాతీకి కూడా ఒత్తిడిలా తగులుతుంది, ఒత్తిడి కొందరికి హాయిగా ఉంటుంది. మిక్సీ ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో వంటింట్లో ఉన్నవారికే తెలుసు. మెదడు రాబోయేదాన్ని ముందుగా అంచనా వేసుకునే పద్ధతి ఆటిజంలో వేరుగా ఉంటుందనీ, అందుకే ప్రతి అనుభూతీ కొత్తగా, పదునుగా తగులుతుందనీ 2012 నుంచి ఒక సిద్ధాంతం చర్చలో ఉంది. అది ఇంకా తేలిన విషయం కాదు. కాకపోతే మిక్సీకీ డప్పుకూ ఉన్న తేడాకు బాగానే సరిపోతుంది.

మెత్తగా నిమరడం, గట్టిగా పట్టుకోవడం

స్పర్శ విషయంలో మన ఊహ తరచుగా తలకిందులవుతుంది. మెత్తగా తాకితే హాయి, గట్టిగా పట్టుకుంటే ఇబ్బంది అని మనం అనుకుంటాం. ఆటిజం ఉన్న చాలామందికి ఇది అటుదిటు: వేళ్లతో తేలిగ్గా నిమిరితే ఒంటి మీద చీమలు పాకినట్టు ఉంటుంది, చేయి నిండా గట్టిగా అదిమితే కుదురుగా ఉంటుంది. ఆటిజం ఉన్న అమెరికన్ పశు శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్, పశువులను కదలకుండా పట్టి ఉంచే బోనును చూసి, తన కోసమే ఒళ్లంతా అదిమే యంత్రాన్ని తయారు చేసుకుంది. మనుషుల కౌగిలి ఆమెకు భరించరానిది. యంత్రం ఒత్తిడి ఎంత ఉండాలో, ఎప్పుడు ఆపాలో ఆమె చేతిలోనే ఉంది.

ఇక్కడి నుంచి విషయం కాస్త సున్నితమవుతుంది. బడుల్లో ఇప్పుడు 'మంచి స్పర్శ, చెడు స్పర్శ' పాఠం చెబుతున్నారు. అవసరమైన పాఠమే. కానీ అది సాధారణంగా పిల్లల అనుభూతి మీద ఆధారపడి ఉంటుంది: నీకు ఇబ్బందిగా అనిపిస్తే అది చెడు స్పర్శ. అమ్మ తల నిమిరినా, టీచరు భుజం తట్టినా, నర్సు సూది వేసినా ఒకేలా ఇబ్బంది పడే పిల్లవాడికి ఈ కొలబద్ద దేనికి పనికొస్తుంది? మరోవైపు, గట్టి ఒత్తిడిని ఇష్టపడే పిల్లను ఒక దురుద్దేశపరుడు ఒడిలో బిగించి కూర్చోబెట్టుకుంటే ఆమెకు ఆ క్షణంలో హాయిగానే ఉండవచ్చు. అందుకే అనుభూతిని బట్టి కాకుండా ఎవరు, ఏ అవయవం, ఏ పని కోసం అన్న స్పష్టమైన నియమాల ద్వారా చెప్పడం ఇలాంటి పిల్లలకు నయమని ప్రత్యేక విద్యలో పనిచేసేవారు వాదిస్తారు. ఇంకొక చిక్కు కూడా ఉంది. చుట్టాలు వచ్చిన ప్రతిసారీ "పోరా, తాత దగ్గరికి పో, ముద్దు పెట్టు" అని బలవంతంగా నెట్టబడిన పిల్లవాడు, తన ఒళ్లు తన మాట మీద ఉండదని నేర్చుకుంటాడు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకపోవడమే మంచితనమని ఏళ్ల తరబడి నేర్పి, అపాయం వచ్చినప్పుడు మాత్రం వద్దనమంటే వాడికి ఆ మాట ఎక్కడి నుంచి వస్తుంది?

ఎదుటివారి హద్దు కూడా హద్దే

హద్దుల చర్చ ఆటిజం ఉన్నవారి ఇబ్బందుల దగ్గరే ఆగిపోతే అది సగం చర్చే. పధ్నాలుగేళ్ల కుర్రాడొకడు దేవరకొండ బస్సులో ముందు సీటులో కూర్చున్న ఆమె పట్టుచీర కొంగును వేళ్ల మధ్య రుద్దుతున్నాడనుకుందాం. వాడికి ఆ నునుపు కావాలి, అంతకు మించి ఏమీ లేదు. ఆమెకు ఆ సంగతి తెలియదు, తెలుసుకోవలసిన బాధ్యతా ఆమెకు లేదు. ఆమె భయం నిజమైనదే, కోపమూ న్యాయమైనదే. వాడి ఉద్దేశం చెడ్డది కాదన్నది వాడిని శిక్షించకపోవడానికి కారణం కావచ్చు గానీ, ఆమె సర్దుకుపోవాలనడానికి కారణం కాదు. వాడి జేబులో అలాంటి పట్టుముక్క ఒకటి ఉంటే వాడి అవసరమూ తీరుతుంది, ఆమె కొంగూ ఆమెకే ఉంటుంది.

ఒకరికొకరు ఎంత దూరంలో నిలబడాలన్న దానిపై పరిశోధన ఫలితాలు రెండు వైపులా ఉన్నాయి. ఆటిజం ఉన్న పిల్లలు ఎదుటివారికి మరీ దగ్గరగా వెళ్తారని కొన్ని అధ్యయనాల్లో తేలింది. వారు మామూలు కంటే ఎక్కువ దూరం కోరుకుంటారని మరికొన్నింటిలో తేలింది. బహుశా రెండూ నిజమే: దూరం కొలుచుకునే తీరే వేరైనప్పుడు తప్పు ఎటువైపైనా జరగవచ్చు. అసలు 'సరైన దూరం' అన్న కొలత కూడా ఎక్కడిదో చూసుకోవాలి. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1960లలో వ్యక్తిగత దూరాన్ని సుమారు 45 సెంటీమీటర్ల నుంచి 120 సెంటీమీటర్ల వరకు అని చెప్పింది తన దేశపు మధ్యతరగతి వారిని చూసి. కురుమూర్తి జాతరకు వెళ్లే బస్సులో 45 సెంటీమీటర్లు అడిగితే నవ్విపోతారు.

బ్రిటన్‌లో ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఒక వాదన ముందుకు తెచ్చాడు: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు లోపం కాదు, రెండు వైపులా ఉన్న అగాధమని. మేనత్తకు పిల్లవాడి కేక ఎంత అర్థం కాలేదో, పిల్లవాడికి ఆమె ప్రేమ బుగ్గల దాకా ఎందుకు వచ్చిందో అంతే అర్థం కాలేదు.

అలవాటు చేయాలా, సర్దుబాటు చేయాలా

"లోకం వీని కోసం మైకు బంద్ జేస్తదా? ఇప్పుడు అలవాటు చేయకపోతే మేము పోయినంక ఎట్ల?" అనే తండ్రి మాటను తేలిగ్గా తీసేయలేం. ప్రవర్తన శిక్షణ ఇచ్చేవారిలో చాలామంది కూడా తప్పించుకుంటూ పోతే భయం ఇంకా పెరుగుతుందంటారు. చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు పెట్టి ఉంచితే చిన్న చప్పుళ్లు కూడా పెద్దగా తోచే ప్రమాదం ఉందని వినికిడి నిపుణులు హెచ్చరిస్తారు.

మరోవైపు, ఆటిజం ఉన్న పెద్దలు చెప్పేది ఇది: తాము అలవాటు పడలేదు, బయటికి కనబడకుండా దాచుకోవడం నేర్చుకున్నామని. దాచుకున్న భారం ఇంటికొచ్చాక అలసటగానో, ఆందోళనగానో, మాట పడిపోవడంగానో బయటపడుతుంది. ఈ రెండు వాదాల మధ్య తేడా చాలాసార్లు 'అలవాటు' అనే మాటను ఎలా అర్థం చేసుకుంటున్నామన్న దాంట్లో ఉంది. పెద్దగట్టు జాతర భేరీల మధ్యకు ఎత్తుకెళ్లి వదలడం వేరు. అదే మోతను ముందు ఫోన్‌లో తక్కువ శబ్దంతో, ఆపే బటన్ పిల్లవాడి చేతిలోనే పెట్టి వినిపించి, మరుసటి వారం గట్టు కింద దూరం నుంచి చూపించడం వేరు. రెండో పద్ధతిలో భయం తగ్గే అవకాశం ఉంది. చెవికి తగిలే నొప్పి తగ్గుతుందన్న హామీ లేదు.

చికిత్సల విషయంలోనూ అతిగా నమ్మడానికీ లేదు, కొట్టిపారేయడానికీ లేదు. అమెరికన్ వృత్తి చికిత్సకురాలు జీన్ ఐరెస్ మొదలుపెట్టిన, ఊగడం, తాకడం, ఒత్తిడి వంటి ఆటల ద్వారా ఇంద్రియ స్పందనలను కుదుటపరచాలని చూసే సెన్సరీ ఇంటిగ్రేషన్ పద్ధతి ఇప్పుడు మన పట్టణాల్లోని థెరపీ సెంటర్ల బోర్డుల మీద కూడా కనబడుతోంది. దీనికి ఆధారాలు పరిమితమనీ, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలనీ అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2012లో పేర్కొంది. నిద్ర పట్టడానికి ఒళ్లు అదిమేలా కప్పే బరువు దుప్పట్ల మీద బ్రిటన్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి: పిల్లలు ఎక్కువసేపేమీ నిద్రపోలేదు, కానీ వారికీ తల్లిదండ్రులకూ ఆ దుప్పటే నచ్చింది. నచ్చడం కూడా ఒక ఫలితమేనని కొందరు, వేల రూపాయలు పెట్టేముందు ఆలోచించాలని కొందరు అంటారు. నెల జీతం మీద బతికే ఇంటికి రెండో మాట బరువైనదే.

చట్టంలో ఉన్నది

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ సాయం లేదా గుర్తింపు ఉన్న బడి గానీ ప్రభుత్వ పనిచోటు గానీ తగిన సర్దుబాట్లు కల్పించాలి. ర్యాంపు కట్టమంటే అందరికీ అర్థమవుతుంది. గంట కొట్టే గోడకు దూరంగా కూర్చోనివ్వమనడం కూడా అలాంటి సర్దుబాటేనని ఒప్పించడానికి సమయం పడుతుంది. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచే ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. బరాత్‌లో డీజే బండి వెనక నడిచినవారికి ఆ అంకెల గురించి వేరే చెప్పనక్కర్లేదు.

'వద్దు' అన్న మాట రానప్పుడు

అన్నిటికంటే కష్టమైన సంగతి ఇది. భారం పెరిగేకొద్దీ చాలాసార్లు మొదట పోయేది మాటే. బాగా మాట్లాడగలిగే వారికి కూడా ఆ సమయంలో "ఇక్కడి నుంచి పోదాం" అన్న మూడు ముక్కలు నోటికి రాకపోవచ్చు. లోపలి సూచనలు మందకొడిగా ఉన్నవారికి తాము అలసిపోయామన్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. కాబట్టి "ముందే చెప్పొచ్చు కదా" అన్న నింద న్యాయంగా కనిపిస్తుంది గానీ, వాళ్లకు సాధ్యం కానిదాన్ని అడుగుతుంది.

అయినా హద్దు ఎక్కడో ఒకచోట బయటపడుతూనే ఉంటుంది, దాన్ని చదవగలిగినవారు మాత్రం చాలాసార్లు ఇంట్లో ఒక్కరే ఉంటారు. పిల్లవాడు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల కేంద్రంలో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికో, కొత్త బడికో మారినప్పుడు ఆ చదవగలిగే నేర్పు వాడి వెంట రాదు. అందుకే కొందరు తల్లులు ఒక నోటుబుక్కు కాగితం రాసి టీచరు చేతికిస్తారు. అలాంటి కాగితంలో ఉండే మాటలు ఇలా ఉంటాయి: కాలరు నమిలితే ఇంకా పది నిమిషాలు ఓపిక ఉన్నట్టు. కుడి చెవి మీద చెయ్యి పెడితే రెండు నిమిషాలు. రెండు చెవులూ మూస్తే ఏమీ అడగొద్దు, వేప చెట్టు కిందికి తీసుకుపోండి, చెయ్యి పట్టుకోకండి, ముందు నడవండి, వాడే వస్తాడు. శుక్రవారాలు ఓపిక తక్కువ. వెనక నుంచి తాకొద్దు. వాడే వచ్చి తల మీ చేతి కింద పెడితే గట్టిగా అదమండి, నిమరొద్దు.